నాన్న ఫోనూ, ఆర్మ్‌స్ట్రాంగ్ టేపులూ

నాన్న పోయిన మూడు నెలలకి ఆయన ఫోన్ నా చేతికొచ్చింది. ఫొటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుందామని తెరిస్తే ఒక ఫోల్డర్ కనబడింది. అందులో 412 ఆడియో ఫైళ్లు. ఎవరో, బహుశా ఫోన్ అమ్మిన షాపు కుర్రాడే, కాల్ రికార్డింగ్ ఆన్ చేసి వదిలేసినట్టున్నాడు. ఆ సంగతి నాన్నకి తెలుసో లేదో అడుగుదామంటే ఆయన లేరు.

మొదటిది నొక్కాను. బాబాయితో కౌలు డబ్బుల గురించి. రెండోది గ్యాస్ బండ కోసం. మూడోదాంట్లో మళ్లీ బాబాయే, కానీ ఈసారి మాటల మధ్యలో నా పేరొచ్చింది. నాన్న గొంతు కాస్త తగ్గింది. గబుక్కున ఆపేశాను. నేను ఉద్యోగం మానేసి, నాన్నతో ఆర్నెల్లు సరిగా మాట్లాడని రోజులవి. ఆయన నా గురించి ఏమన్నారో తెలుసుకోవాలని ఎంత ఉందో, తెలుసుకుంటానేమోనని అంత భయం.

ఆ రాత్రి నిద్ర పట్టక లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి ఆలోచించాను. ట్రంపెట్, గరుకు గొంతు, తెల్లటి జేబురుమాలు, ముఖమంతా నవ్వు. లోకానికి తెలిసిన మనిషి అదే. అతనికి ఇంకో అలవాటుండేది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, కరోనా అనే పేటలో, 1943 నుంచి చనిపోయిన 1971 దాకా భార్య లూసిల్‌తో కలిసి ఒక మామూలు ఇంట్లో ఉన్నాడు. టేప్ రికార్డర్లు ఇళ్లలోకి వచ్చిన కొత్తలోనే ఒకటి కొనుక్కుని, తర్వాత ఇరవై ఏళ్లలో వందల రీళ్లు నింపాడు. స్నేహితులతో కబుర్లు, బూతు జోకులు, స్టేజీ వెనక మాటలు, లూసిల్‌తో వాదనలు, ఏదో రికార్డు పెట్టి దానితో పాటు తను వాయించిన ట్రంపెట్. తను వినే సంగీతాన్ని కూడా వాటిలోకి ఎక్కించుకున్నాడు. అందులో జాజ్ ఒక్కటే లేదు. ఒపేరా ఉంది. విమర్శకులు చప్పగా ఉంటుందని వెక్కిరించిన గై లొంబార్డో బ్యాండ్ అంటే తనకి ప్రాణమని అతను ఎక్కడా దాచుకోలేదు. రీళ్లకి నంబర్లు వేసి, దేంట్లో ఏముందో చేత్తో రాసుకున్నాడు. పేపర్ కటింగులూ ఫొటోలూ అతికించి అట్టపెట్టెల మీద బొమ్మలు కూర్చాడు.

ఈ టేపుల గురించి రాసేవాళ్లు తరచుగా ఒక మాటంటారు: అసలు ఆర్మ్‌స్ట్రాంగ్ ఇక్కడున్నాడని. తెల్లవాళ్ల ముందు అతిగా నవ్వుతాడని అతన్ని కుర్ర నల్లజాతి సంగీతకారులు తప్పుపట్టేవారు. టేపుల్లో మాత్రం జాతివివక్ష మీద కోపం, తిట్లు వినబడతాయి. కాబట్టి నవ్వు వేషం, కోపం నిజం అని లెక్క తేల్చేస్తాం. నాకు ఈ లెక్క కుదరడం లేదు. 1957లో లిటిల్ రాక్‌లో నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానివ్వనప్పుడు, అతను అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే విలేకరి ముందు బాహాటంగా విమర్శించాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కి వెళ్లాల్సిన యాత్ర మానుకున్నాడు. ఆ కోపాన్ని టేపుల్లోంచి తవ్వి తీయక్కర్లేదు. ఇక ఇంట్లో మైకు ముందు ఉన్నప్పుడు కూడా అతను జోకులేస్తున్నాడు, నవ్విస్తున్నాడు. నాలుగ్గోడల మధ్య మాట్లాడింది ఎక్కువ నిజం, నలుగురిలో మాట్లాడింది తక్కువ నిజం అని మనకెవరు చెప్పారు? తలుపు చాటునుంచి విన్నాం కాబట్టి అదే నిజమనుకోవడం వినేవాడి సరదా. మనిషి మాత్రం రెండు చోట్లా ఉన్నాడు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి టేప్ తిరుగుతోందని తెలుసు. జబ్బుపడి ఆస్పత్రినుంచి తిరిగొచ్చాక కూడా కూర్చుని ఆ రీళ్లని సర్దుకున్నాడు. ఎవరో ఒకరు వినాలనే కదా ఇదంతా. మరి లూసిల్? ఆ గదుల్లోకి వచ్చిపోయిన స్నేహితులు? రికార్డర్ ఆపమని ఆవిడ విసుక్కోవడం కూడా ఆ టేపుల్లోనే ఉంది. అయితే ఆయన పోయాక పన్నెండేళ్లు బతికిన ఆవిడ వాటిని పారేయలేదు. ఇంటిని న్యూయార్క్ నగరానికి రాసిచ్చింది. ఇప్పుడది మ్యూజియం. వెళ్లినవాళ్లకి ఆ గదుల్లోనే ఆ గొంతులు వినిపిస్తారు. ఆరోజు వద్దన్న మనిషే తర్వాత ఉంచింది కాబట్టి ఆవిడ వరకూ దాన్ని ఒప్పుకోలు అనుకోవచ్చు. మిగతావాళ్ల సంగతి అలా అనలేం. మాట ఇద్దరిది, టేపు మాత్రం ఒక్కరిది.

నాన్న విషయంలో అదీ లేదు. ఆయన నంబర్లు వెయ్యలేదు, పేర్లు రాయలేదు. చచ్చిపోయినవాళ్లకి ఇంకేం నష్టం అని ఒక ఫ్రెండ్ అన్నాడు. పోయినవాళ్ల పరువు మనకేమీ పట్టకపోతే, వాళ్ల చివరి కోరికలు ఎందుకు తీరుస్తాం? పైగా ఈ 412 ఫైళ్లలో అవతలివైపు ఉన్నవాళ్లలో చాలామంది బతికే ఉన్నారు. అమ్మ ఉంది. అత్తయ్య ఉంది. బాబాయి ఉన్నాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ నాకు జవాబేమీ ఇవ్వలేదు గానీ, ప్రశ్న ఎవర్ని అడగాలో తెలిసింది. మర్నాడు బాబాయికి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇది నీ గొంతు కూడా కదా బాబాయ్. నువ్వు వద్దంటే తీసేస్తాను."

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు.

"అన్నయ్య ఆరోజు నీ గురించి కోపంగానే మాట్లాడాడ్రా. నేను ఇంకా ఎగదోశాను. అది వినకముందే నీకు నేను చెప్పాలి."

తర్వాత అరగంట సేపు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. రికార్డింగ్‌లో ఏముందో తెలియదు గానీ, ఈ మాటలు అందులో ఉండవు. చివర్లో, "విను. అమ్మకి మాత్రం తన కాల్స్ గురించి నువ్వే వెళ్లి చెప్పు, ఫోన్లో కాదు," అన్నాడు.

ఈ శనివారం ఊరెళ్తున్నాను. ఫోన్ బ్యాగులో ఉంది. మూడో ఫైల్ ఇంకా వినలేదు.