గడప వెలుపలి శరణాగతి

శ్రీమన్నారాయణుడు సర్వాంతర్యామి. చీమ మొదలు చతుర్ముఖ బ్రహ్మ వరకు గల సకల జీవరాశియందును ఆయన నిండియున్నాడని నమ్మినవారమే వైష్ణవులము. ఈ నమ్మకము మన పెదవులపై మాత్రమే యున్నదో, హృదయమునకు దిగినదో తెలిసికొనుటకు గొప్ప పరీక్షలు అక్కరలేదు. వాకిట పరుండిన కుక్కను చూచినప్పుడు మన చేయి రాతికై వెదకునో, అన్నపు ముద్దకై వెదకునో గమనించిన చాలును.

గౌతమీ తీరమున, ఆత్రేయపురమునకు చేరువలో, వాడపల్లి క్షేత్రమున శ్రీ వేంకటేశ్వరస్వామి వెలసియున్నాడు. ఏడు శనివారములు స్వామిని దర్శించి, దర్శించినపుడెల్ల ఏడు ప్రదక్షిణములు చేసెదమని మ్రొక్కుకొని వచ్చు భక్తులతో ఆ దారులన్నియు శనివారమునాడు కిటకిటలాడుచుండును. అదే మండలమునందలి ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఒకే శిలయందు ముందువైపు విష్ణువుగను, వెనుకవైపు మోహినిగను దర్శనమిచ్చుచున్నాడు. ఇట్టి క్షేత్రములకు పోవు త్రోవలో, కాలువ గట్టు మీదను, చెట్ల నీడలను, తినుబండారముల అంగళ్ల చెంతను, ఎవ్వరికిని చెందని కుక్కలు మనకు కనిపించుచుండును. మనము గోవింద నామము పలుకుచు వాటిని దాటిపోవుదుము. ఆ ప్రాణులు మనకు నేర్పదగినది, మనము వాటికి చేయదగినది ఏమైన గలదా యని నేడు కొంచెము విచారింతము.

ఆత్రేయపురము పేరు చెప్పగానే పూతరేకులు స్ఫురించును. ఆ మధురపదార్థమునకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అచ్చటి ఇండ్లలో స్త్రీలు బోర్లించిన కుండ క్రింద ఎండు కొబ్బరాకులు మండించి, పలుచని బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను కుండపై పరచి, రెప్పపాటులో రేకు తీయుదురు. గంటల తరబడి ఆ సెగ యెదుట కూర్చుండుట యొక తపస్సే. అట్టి యింటి గుమ్మము వెలుపల ఒక కుక్క పరుండియున్నదని భావింపుడు. నేతి వాసన దానికి మనకంటె ఎన్నో రెట్లు అధికముగ తెలియును. అయినను గడప దాటదు. పని ముగిసి ఇల్లాలు లేచినప్పుడు అదియును లేచి, ఒళ్లు విరుచుకొని, తోక యాడించును. ఆమె దానికి పూతరేకు పెట్టదు. చక్కెర దానికి హితవు కాదు. పెరుగన్నము ముద్ద పెట్టును. ఆ ముద్దకే అది పరమాన్నము భుజించినంతగా సంతోషించును. ఆ సంతోషమును చూచి ఆమె అలసట సగము తీరును.

కుక్క గల యింట ఇట్టి చిన్న ఆనందములు దినదినము కలుగుచునే యుండును. పొలమునుండి యజమాని వచ్చు వేళ ఎరిగి వంతెన వరకు ఎదురేగును. ఆయన లాభముతో వచ్చెనో నష్టముతో వచ్చెనో దానికి నిమిత్తము లేదు. వచ్చుటయే దానికి పండుగ. గడ్డివాము నీడను ఈనిన తల్లి చుట్టు పిల్లలు మూగుదురు. పుట్టిన రెండు వారములకు గాని కూనలకు కన్నులు తెరువబడవని, అంతవరకు తల్లి స్పర్శయే వాటికి లోకమని, ఆ పిల్లలు పుస్తకము లేకయే నేర్చుకొందురు. బిడ్డలు దూరదేశములకు పోగా ఒంటరిగా మిగిలిన వృద్ధునకు, అరుగుపై తన పాదముల చెంత మరియొక ప్రాణి ఊపిరి వినబడుటయే గొప్ప ఓదార్పు.

కుక్కనుండి మనుజుడు నేర్వదగిన గుణములు ఆరు గలవని చాణక్యనీతి చెప్పుచున్నది. ఎంతయో తినగలిగియు కొంచెముతో తృప్తి చెందుట, గాఢముగ నిద్రించియు చిన్న సవ్వడికే మేల్కొనుట, స్వామిభక్తి, శౌర్యము - ఇవియే ఆ గుణములు. లోకనీతికి ఈ ఆరును చాలును. కాని వైష్ణవునకు అంతకంటె లోతైన పాఠము ఇందు గలదు.

తిరుమంగై ఆళ్వారు తిరువేంగడముడైయానుని శరణుజొచ్చి పాడిన పాశురములలో తన్ను తాను కుక్కతో పోల్చుకొని, అట్టి నేను నీ వద్దకు వచ్చి చేరితిని, నన్నేలుకొమ్మని ప్రార్థించినాడు. ఆళ్వారు ఈ పోలికను ఏల గ్రహించెను? శరణాగతికి ఆరు అంగములు గలవని పెద్దలు చెప్పుదురు. వాటిని మన వాకిట నిలిచి పరికింతము.

స్వామికి అనుకూలముగ నడువవలెనను సంకల్పము మొదటిది. కుక్క యజమాని ముఖమును చూచియే తన నడకను దిద్దుకొనును. ప్రతికూలమైనదానిని విడుచుట రెండవది. ఒకమారు వలదన్న గడపను అది మరల దాటదు. రక్షించునను విశ్వాసము మూడవది. జపానుదేశమున షిబుయా రైలునిలయమునొద్ద హచికో అను కుక్క, 1925లో మరణించిన తన యజమానికై, 1935లో తాను మరణించువరకు, ఇంచుమించు పదియేండ్లు ఎదురుచూచినది. రాని మనుష్యునికొరకు ఒక మూగజీవి పదియేండ్లు వేచియుండగా, తప్పక వచ్చు భగవంతునికొరకు మనము ఒక్క జామైన ఓపికతో వేచియుండలేకున్నాము. నీవే రక్షకుడవని కోరుకొనుట నాలుగవది. పిడుగు పడినప్పుడు కుక్క పది యిండ్లు తిరుగదు. తన యింటి వారి కాళ్లయొద్దకే వచ్చును. తన్ను తాను సమర్పించుకొనుట ఐదవది. వెల్లకిల పరుండి, మెత్తని పొట్టను, గొంతును మనకు అప్పగించునప్పుడు అది తన ప్రాణమునే మన చేతిలో నుంచుచున్నది. తనకు వేరు ఉపాయము లేదను దైన్యము ఆరవది. అది నేను నీ యిల్లు కాచితిని గావున నాకు కూడు పెట్టుమని లెక్క చూపదు. మనము మాత్రము ఏడు శనివారములు పూర్తియైన వెంటనే స్వామికి లెక్క చూపుదుము.

కుక్కకు శాస్త్రము తెలియునని నేను చెప్పుటలేదు. శాస్త్రము తెలిసిన మనము చేయలేని దానిని అది స్వభావము చేతనే చేయుచున్నదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక దానియెడల మన ధర్మమేమి? ఈ గోదావరి తీరముననే, రాజమహేంద్రవరమున, 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప నారంభించెను. ఆ మహాగ్రంథమున కథారంభముననే మనకు ఒక కుక్క తల్లి కనిపించును. జనమేజయుని యజ్ఞవాటిక కడ ఆడుకొనుచున్న సారమేయమును రాజు తమ్ములు కారణము లేకయే కొట్టిరి. దాని తల్లి సరమ రాజు నెదుటికి వచ్చి నిలిచి, యుక్తాయుక్తములు తలపక సాధువులకు కీడు చేసిన వారికి ఊహింపని భయములు వాటిల్లునని చెప్పి పోయినది. చక్రవర్తి ఆ మాటకు కలతచెంది శాంతికై పురోహితుని వెదకుకొనుచు పోయెను. అష్టాదశ పర్వముల భారతము ఒక మూగజీవి ఫిర్యాదుతో మొదలగుట మనము మరువరాని విషయము.

భారతము చివర మహాప్రస్థానమున మరల కుక్కయే కనిపించును. ద్రౌపదియు, తమ్ములును పడిపోగా ధర్మరాజు వెంట అది యొక్కటియే మిగిలినది. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. స్త్రీవధ, బ్రాహ్మణ ధనాపహరణము, మిత్రద్రోహము, శరణాగతుని విడుచుట - ఈ నాలుగును కలిసిన ఎంత పాపమో, నమ్మివచ్చిన దానిని విడుచుట అంత పాపమని ధర్మరాజు తలచెను. స్వర్గమును వలదనగలిగెను గాని, కుక్కను వలదనలేకపోయెను. అప్పుడు ఆ శునకము ధర్మదేవతయై సాక్షాత్కరించెను. అది ధర్మదేవతయని ముందుగ తెలిసి ఆయన ఆదరింపలేదు, కుక్కయనుకొనియే ఆదరించెను. ఆయన గొప్పతనమంతయు అందే యున్నది.

శ్రీకృష్ణ చైతన్య మహాప్రభువు 16వ శతాబ్ది ఆరంభమున ఈ గోదావరి ఒడ్డుననే రామానందరాయలను కలిసికొని భక్తితత్త్వమును ముచ్చటించెను. ఆ సంవాదమును వర్ణించిన చైతన్య చరితామృతమే మరియొక ముచ్చటను చెప్పుచున్నది. వంగదేశపు భక్తులు పూరీకి పోవుచుండగా ఒక కుక్క వారి వెంటపడెను. వారి బాగోగులు చూచు శివానందసేనుడు దానికిని అన్నము పెట్టించుచుండెను. ఒక నదియొద్ద పడవవాడు కుక్కను ఎక్కించుకొనననగా, శివానందుడు పది పణముల గవ్వలు చెల్లించి దానిని దాటించెను. ఒకనాడు సేవకుడు దానికి అన్నము పెట్టుట మరచెను. కుక్క కనిపింపకపోగా శివానందుడు మనుష్యులను పంపి వెదకించి, ఆనాడు తానును ఉపవసించెను. పూరీ చేరి చూడగా, అది మహాప్రభువునకు కొంచెము దూరమున కూర్చుండి, ఆయన విసరిన కొబ్బరి తినుచు, కృష్ణనామము పలుకుచుండెను. శివానందుడు దానికి దండము పెట్టెను. పిమ్మట అది వైకుంఠము చేరెనని ఆ గ్రంథము చెప్పుచున్నది.

ధర్మరాజు నెదుట రథము నిలిచెను. శివానందుని యెదుట పడవ నిలిచెను. మన యెదుటను అట్టి పడవ నిలుచు దినములు గలవు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగినప్పుడు లంకల ప్రజలు ఇండ్లు విడిచి గట్లపైకి చేరవలసివచ్చినది. అట్టివేళ మనుష్యుల ప్రాణములే ముఖ్యము, సందేహము లేదు. కాని పడవలో చోటు లేని యెడల, కట్టివేసిన కుక్క మెడలోని త్రాడునైనను విప్పి పోవలెను. విప్పిన ప్రాణి ఈదుకొనునో, మిట్టకెక్కునో, స్వామి దయ. కట్టి విడిచినచో అది మనము చేసిన వధయే యగును. పడవలో చోటున్నచో మాత్రము, ధర్మరాజు మాటను తలచుకొనుడు.

మరి ఆచారమెట్లని కొందరు పెద్దలు అడుగుదురు. ఆచారమును విడువ నక్కరలేదు. మడి వంటకును, దేవతార్చన గదికిని కుక్క దూరముననే యుండవచ్చును. దూరముంచుట వేరు, ద్వేషించుట వేరు. వైశ్వదేవానంతరము శునకములకు, కాకులకు, క్రిములకు అన్నము పెట్టుమని చెప్పిన మనుస్మృతి, దానిని నేలపై మెల్లగా నుంచవలెనని చెప్పినది. ఆ ఒక్క మాటలో మన సంప్రదాయపు సున్నితత్వమంతయు గలదు. నలువది యెనిమిది దినములు ఉపవసించిన రంతిదేవుడు, కుక్కలతో వచ్చిన అతిథికిని, ఆ కుక్కలకును మిగిలిన అన్నమును నమస్కరించి పెట్టెనని భాగవతము చెప్పుచున్నది. ఏనుగు మీదను కుక్క మీదను కాయు ఎండ ఒక్కటియేనని అన్నమయ్య చాటినాడు.

దయకు వివేకము తోడు కావలెను. పెంచు కుక్కకు తప్పక పిచ్చికుక్క వ్యాధి టీకాలు వేయింపుడు. కరచినచో పసుపు, కారము, సున్నము పూయక, ధారగా పడు నీటితో సబ్బువేసి పదునైదు నిమిషములు గాయమును కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకాలు అన్నియు పూర్తిచేసికొనవలెను. వ్యాధి లక్షణములు కనిపించిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి అరుదు. 1885లో పాశ్చర్ మహాశయుడు ఈ టీకాను మనుష్యునిపై మొదట ప్రయోగించి, ఒక బాలుని రక్షించెను. ఆ విద్యయు భగవత్ప్రసాదమే. వీధికుక్కల సంతతిని శస్త్రచికిత్సచే అదుపుచేసి టీకాలు వేయవలెనని 2023 నాటి కేంద్రప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి; విషము పెట్టుట ధర్మమును కాదు, చట్టమును కాదు. యాత్రికులు కుక్కలకు అన్నము పెట్టదలచినచో, జనసమ్మర్దమునకును పిల్లలకును దూరముగ, ఆకులోనో నేలపైనో పెట్టవలెను. ప్లాస్టిక్ సంచితో విసరరాదు.

కుక్క ఆయువు మన ఆయువులో స్వల్పభాగము. ముద్దు కూనగా తెచ్చుకొనిన దానిని, ముసలితనమున కన్ను మసకబారి, కాలు తడబడినప్పుడు, సంతలోనో రహదారిపైనో విడిచివచ్చు ఇండ్లు గలవు. అంతకాలము మన పాదములయొద్ద పరుండిన ప్రాణిని విడిచి, మనము ఏ పాదములయొద్ద రక్షణ కోరుదుము? అంత్యకాలమున మనకును కన్ను మసకబారును, కాలు తడబడును. ఆనాడు మనము చూపగల అర్హత యేదియు ఉండదు. గడప వెలుపల కూర్చుండి, స్వామి ఎప్పుడు లేచునా యని తలుపువైపు చూచుటయే మిగులును. అట్టి చూపు ఎట్లుండవలెనో మన వాకిటి శునకము దినదినము చూపుచున్నది. దానికి పిడికెడు అన్నము, గిన్నెడు నీరు, చల్లని మాట ఇచ్చి, ఆ పాఠమును నేర్చుకొందము.

సర్వే జనాః సుఖినో భవంతు. సర్వ ప్రాణులును సుఖముగ నుండుగాక.