కట్టబెట్టిన పేలిక, ఎంచుకున్న పేలిక

దర్జీ దుకాణంలో మిషన్ కింద రోజూ ఒక సంచి నిండుతుంది. జాకెట్ చంకల దగ్గర కత్తిరించగా మిగిలిన చంద్రవంకలు, లంగా అంచు నుంచి తెగిన పట్టీలు, లైనింగ్ గుడ్డ తునకలు. మన బస్తీల్లో, పల్లెల్లో కుట్టు నేర్చిన ఆడవాళ్లు ఈ ముక్కలను జతచేసి బొంత కుట్టుతో చిన్న చిన్న జిప్పు సంచులు కుడుతున్నారు. పిల్లల పెన్సిళ్లకు, మందుబిళ్లలకు, బస్సు చిల్లరకు అవి చక్కగా పనికొస్తాయి. అయితే మనలో కొందరికి ఈ పని గుచ్చుకుంటుంది. “పేలికల నుంచి బయటపడటానికే కదా మన పెద్దలు పోరాడింది? మళ్లీ మన చేతికి పేలికలేనా?” అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయకూడదు. దాని వెనుక వేల ఏళ్ల గాయం ఉంది.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలురకు శవాల మీది బట్టలనే వస్త్రాలుగా విధించింది. ఆ మాట గ్రంథంలోనే ఉండిపోలేదు. పాత బట్ట కోసం చెయ్యి చాచాల్సి రావడం, మంచి బట్ట కట్టుకుంటే ఊరి కన్ను ఎర్రబడటం మన అవ్వల కాలం దాకా నడిచిన సంగతులే. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ గ్రంథాన్ని తగులబెట్టించారు. ఆ మహద్ సభల సందర్భంలోనే ఆయన స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. బట్టకు ఎన్ని అతుకులున్నా ఫరవాలేదు, అది శుభ్రంగా ఉండాలన్నారు. మీరేం కట్టుకోవాలో ఆంక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదనీ అన్నారు. ఈ రెండు మాటలనూ విడదీయకుండా కలిపి వినాలి. అతుకులో అవమానం లేదు, ఆంక్షలో ఉంది.

ఇదే తేడాను మనం వినయపిటకంలోనూ చూస్తాం. పాంసుకూలం అంటే దుమ్ములో పడి ఉన్న గుడ్డ. భిక్ఖువులు దాన్ని చెత్తకుప్పల మీద, శ్మశానాల్లో ఏరుకుని, ఉతికి, కుట్టి, రంగు వేసి చీవరంగా ధరించేవారు. మనువు చండాలుడికి విధించిన బట్టా, భిక్ఖువు ఎంచుకున్న బట్టా ఒకే శ్మశానం నుంచి రావచ్చు. గుడ్డ ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. జీవకుడు మేలైన సీవేయ్యక వస్త్రం తెచ్చి ఇచ్చినప్పుడు బుద్ధుడు దాన్ని స్వీకరించాడు. ఇష్టమున్నవారు పాంసుకూలం ధరించవచ్చు, ఇష్టమున్నవారు గృహస్థులు ఇచ్చిన వస్త్రం తీసుకోవచ్చు అన్నాడు. తర్వాత దేవదత్తుడు వచ్చి, భిక్ఖువులందరూ బతికినంత కాలం పాంసుకూలమే ధరించాలని నియమం పెట్టమన్నాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. పేలికను ఎంతగానో గౌరవించిన సంఘంలో కూడా పేలిక నిర్బంధం కాలేదన్నమాట. కాదనే హక్కు ఉన్నచోటే అవుననడానికి విలువ.

ఇంకో తేడా కూడా ఉంది. మనువు దృష్టిలో పేలిక కొందరిని వేరుచేసే గుర్తు. సంఘంలో ఆ గుర్తు చెరిగిపోయింది. వాడిన పూలు ఎత్తిపోసిన సునీతుడూ, మంగలి ఉపాలీ, శాక్య రాజకుమారులూ ఒకే తీరు అతుకుల చీవరం కట్టారు. మగధలో వరిమళ్లు గట్లతో గళ్లుగళ్లుగా పరుచుకుని ఉండటం చూసి, అలాంటి చీవరం కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు కుట్టి చూపించాడు. మళ్ల వంటి ముక్కలు, గట్ల వంటి కుట్లు. ముక్కలు చేసిన బట్ట మీద దొంగకు ఆశ పుట్టదు. భిక్ఖువుకు మాత్రం అది నిండైన వస్త్రమే.

ఇక మన జిప్పు సంచి దగ్గరికి వద్దాం. ముక్కలను ఇస్త్రీ చేసి, పావు అంగుళం మార్జిన్ వదిలి, ఒకదానికొకటి కుట్టి రెండు పలకలు చేస్తారు. వెనుక పాత చీర మడతలో, పల్చటి స్పాంజో పెట్టి, పైనుంచి వరుసగా కుట్లు వేస్తారు. బొంతకు బలం ఆ వరుసల్లోనే ఉంటుంది. జిప్పును పై గుడ్డకూ లైనింగుకూ మధ్య పెట్టి కుడతారు. పక్కలు కుట్టేముందు జిప్పును సగం తెరిచి ఉంచాలి. లేకపోతే సంచిని తిరగేయడానికి దారి ఉండదు. ఇవన్నీ ఓపిక అడిగే పనులు. పేలికతో చేసింది కదా అని కుట్టు వదులుగా వదిలేస్తే, కొన్నవారు జాలిపడి కొన్నట్టవుతుంది. కుట్టు గట్టిగా ఉంటే సరుకు కొన్నట్టవుతుంది. మనకు జాలి అక్కర్లేదు.

పంచశీలలో రెండోది, ఇవ్వనిది తీసుకోకపోవడం, ఈ పనిలో అడుగడుగునా ఎదురవుతుంది. దర్జీ దగ్గర మిగిలిన ముక్క ఎవరిది? బట్ట ఇచ్చినవారిది. అరచేతి వెడల్పు తునకను ఎవరూ అడగకపోవచ్చు. అర మీటరు మిగిలితే మాత్రం అది ముక్క కాదు, ఒకరి సొమ్ము. పాంసుకూలం యజమాని లేని గుడ్డ. యజమాని ఉన్నదాన్ని అడిగే తీసుకోవాలి. కత్తిరింపులను కిలోల లెక్కన అమ్ముకుని బతికేవారూ ఉన్నారు. వాళ్లకు డబ్బిచ్చే తీసుకోవాలి.

తర్వాత ప్రశ్న ధర. “గుడ్డ ఊరికే వచ్చిందే కదా, ఇంత రేటా?” అని బేరమాడేవారు ఉంటారు. గుడ్డ ఊరికే వచ్చి ఉండవచ్చు. జిప్పు, రన్నర్, దారం ఊరికే రావు. గంటల తరబడి వంగిన నడుము అసలే ఊరికే రాదు. కొందరి శ్రమను ఊరికే వచ్చేదిగా చూడటం కులం నేర్పిన లెక్క. ఆ లెక్కను మన సభల దగ్గర మనమే పాటిస్తే ధమ్మం ఎక్కడుంది? బుద్ధుడు పేదరికాన్ని ధన్యమైన స్థితి అనలేదని బాబాసాహెబ్ స్పష్టంగా రాశారు. కాబట్టి పొదుపు పేరు చెప్పి కుట్టేవారిని పేదరికంలోనే ఉంచే వ్యాపారం సమ్మా ఆజీవం కాదు.

కొనే మనకూ ఒక శీలం ఉంది. అతుకుల అందం కోసం కొత్త బట్టను ముక్కలు చేయించడం, ఇంట్లో నాలుగు సంచులుండగా ఐదోది కొనడం పొదుపు కాదు, తృష్ణ. కోసంబిలో అంతఃపుర స్త్రీలు ఆనందుడికి ఐదు వందల వస్త్రాలిచ్చారని విని, ఇన్నెందుకని ఉదేన రాజు అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్ఖువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాత చీవరాలు? పక్క దుప్పట్లు. అవీ పాతబడితే? పరుపు గలీబులు. ఆ తర్వాత నేల పరుపులు, కాలు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము తుడిచే గుడ్డలు. చివరికి వాటిని తరిగి మట్టిలో కలిపి నేల మెత్తుతామన్నాడు. రాజు తృప్తిపడి మరో ఐదు వందలు ఇచ్చాడు. ఇచ్చిన చేతిని గౌరవించడం అంటే ఇచ్చినదాన్ని చివరి పోగు దాకా వాడటమే.

కాబట్టి “మళ్లీ పేలికలేనా?” అని అడిగేవారికి మన జవాబు ఇది. పేలిక ముట్టుకోవాలో వద్దో మనమే నిర్ణయించుకుంటున్నామా? దాన్ని అడిగి తీసుకున్నామా? కుట్టిన చేతికి తగిన కూలి ముట్టిందా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే ఆ చిన్న సంచిని ధైర్యంగా చేత పట్టుకోవచ్చు. ఒక్కదానికి కాదని వచ్చినా, అది ఎంత అందంగా ఉన్నా, పాత పేలికే.