చెరువునకు మైల యెట్లు గలుగును?

అస్పృశ్యుఁడని తాము పేరుపెట్టిన మనుష్యుఁడు ముట్టినచోఁ జెరువునీరు మైలపడునని మనదేశస్థులు పెక్కండ్రు తరతరములుగా నమ్మిరి. నేఁడును నమ్మువారు లేకపోలేదు. ఈ వివాదమునఁ జెరువే ముఖ్యసాక్షి. దాని వాఙ్మూలమును విందము.

నీట మునిఁగియుండు మొక్కలు సూర్యకాంతిచేఁ బ్రాణవాయువును బుట్టించి నీటిలోఁ గలుపుచున్నవి. ఆ వాయువు చేఁపలకును నత్తలకును జీవాధారము. నత్తలు నాచును, చిన్నచేఁపలు దోమపురుగులను దినుచున్నవి. రాలిన యాకులను, జచ్చిన జంతువులను గంటి కగపడని సూక్ష్మజీవులు విడఁగొట్టి మరల మొక్కల కెరువుగా నిచ్చుచున్నవి. అట్టి జీవులు లేకున్నఁ దామర పూయఁజాలదు. చెరువులో నీచవృత్తి యనునది లేదు.

మఱి చెరువు మైలపడు టెప్పుడు? మన యిండ్ల మురుగు మితిమీఱి చేరినప్పుడు. ఆ మురుగుచే బలిసిన గుఱ్ఱపుడెక్క నీటిని గప్పి వెలుతురు నడ్డగించును. ప్రాణవాయువు తఱిగి చేఁపలు చచ్చును. దప్పిగొన్నవాని దోసిలివలన నిట్టి కీడు పుట్టిన చెరువు లోకమున లేదు.

1927వ సంవత్సరమున బొంబాయి రాజధానిలోని మహాడునందుఁ జవదారు చెరువు నీటిని అంబేద్కరుగారును వారి యనుచరులును ద్రాగిరి. పశువులు త్రాగినపుడు మైల యెంచని యగ్రవర్ణములవారు పిమ్మటఁ బంచగవ్యముతో నా చెరువునకు శుద్ధిచేసిరి. అనఁగా, మైలలేని నీటిలోఁ బేడను గలిపిరి! వారి వ్యాజ్యమును బొంబాయి హైకోర్టు 1937లోఁ గొట్టివేసెను. 1950లో రాజ్యాంగము ప్రజోపయోగమునకైన చెరువులయందు జాతిభేదమును నిషేధించెను. శాసనము గట్టును దెఱవఁగలదు గాని మనసును దెఱవలేదు. ఆ కార్యము మనది.

సోదరులారా! సర్వజీవులకు నొక్కటే నీ రొసఁగిన పరమేశ్వరునిఁ బ్రార్థించు నోటితోనే తోడిమనుష్యుని గట్టుమీఁదనుండి తోలివేయుట యెట్లు ధర్మమగును?