గాలికి గట్లు వేసేవాళ్ళు

మా తాతయ్య ట్రంకుపెట్టెలో శుభలేఖలూ, శిస్తు రసీదులూ, వాటి నడుమ ఒక చిన్న పుస్తకం ఉండేవి. అది రేడియో లైసెన్సు. పాటలు వినడానికి లైసెన్సేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, 1980ల నడుమ దాకా మన దేశంలో రేడియో కొన్నవాళ్ళు ఏటేటా పోస్టాఫీసులో రుసుము కట్టవలసిందే. వినడానికే అంత కట్టుదిట్టమైతే ఇక మాట్లాడే సంగతి చెప్పాలా? ఆ లైసెన్సు పోయింది. దాని వెనకాల ఉన్న ప్రశ్న మాత్రం పోలేదు. ఆకాశంలో పోయే మాట ఎవరి సొత్తు? దాన్ని పంచిపెట్టే పెద్దరికం ఎవరిది?

బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానికి ఈ గొడవెందుకంటారా? మా మేనకోడలు ఇంజనీరింగు పూర్తిచేసి, తోటివాళ్ళంతా సాఫ్ట్‌వేరులోకి పోతుంటే తను మాత్రం రేడియో తరంగాల పంపకం చూసే ఉద్యోగమే చేస్తానని కూర్చుంది. "అదేం పనే?" అన్నాను. "గాలిలో సరిహద్దు రాళ్ళు పాతడం, అత్తయ్యా" అంది. "కనపడని రాళ్ళకి కనపడే జీతమిస్తారటనా?" అన్నాడు మా అన్నయ్య.

దాని మాటల్లోంచి నాకర్థమైనంత వరకు చెబుతాను. ఒకే వీధిలో ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు జరుగుతూ, రెండు సన్నాయి మేళాలు ఎదురెదురు అరుగుల మీద కూర్చుని వాయిస్తే ఏ ఇంట్లో తాళి కడుతున్నారో ఎవరికీ తెలియదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకే చోట ఇద్దరు మాట్లాడినా అంతే. అందుకని విమానాలకొకటి, పోలీసులకొకటి, సెల్‌ఫోన్లకొకటి అంటూ వేరు వేరు పట్టీలు కేటాయిస్తారు. మన దేశంలో ఆ లెక్క చూడడానికి 1952 నుంచీ ఢిల్లీలో ఒక ప్రత్యేక విభాగం ఉంది. దేశాల మధ్య సర్దుబాట్లు జెనీవాలో జరుగుతాయి. తరంగానికి పాస్‌పోర్టు లేదు కదా! కొలంబో నుంచి తెలుగు పాటలు మన వసారాల్లోకి వచ్చిందీ అలాగే.

ఇళ్ళలో సిగ్నల్ రావడం లేదని కొందరు అనుమతి లేని బూస్టర్లు తెచ్చి డాబా మీద బిగిస్తారు. వాళ్ళ ఫోను చక్కగా పలుకుతుంది. వీధిలో మిగతావాళ్ళ ఫోన్లు మూగబోతాయి. ఎవరివల్ల పోయిందో పోగొట్టుకున్నవాడికి తెలియదు, పోగొట్టినవాడికీ తెలియదు. తనవల్ల నష్టపోయినవాడి మొహం చూడకుండానే జరిగిపోయే తప్పులు ఈ కాలంలో ఎన్ని పెరిగాయో!

డెల్టాలో పుట్టిన నాకు ఇదంతా కాలువ నీళ్ళ వ్యవహారంలా తోచింది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ చేనుకి ఎంతసేపు వంతో చూసేవాడు లస్కరు. పని సరిగ్గా జరిగితే వాడి పేరు ఎవరూ ఎత్తరు. శివారు భూములకు నీళ్ళందకపోతే మాత్రం ఊరంతా వాడి మీదికే వెళుతుంది.

1993లో హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారం మీద రేగిన తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి అన్నారు. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. బాగుంది. కాని అందరిదీ అన్న ఆస్తి ఎవరి చేతికి ఎలా అందాలి? 2008లో ముందొచ్చినవాళ్ళకి ముందన్నారు. ఆ పంపకం న్యాయంగా లేదని 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. ఆ తర్వాత వేలంపాటలు. 2022లో జరిగిన 5జి వేలంలో దాదాపు లక్షన్నర కోట్ల రూపాయలు పలికింది.

మా మేనకోడలు వేలం పక్షం. "వేలంలో నా ఇష్టాయిష్టాలకి చోటుండదు అత్తయ్యా, అదే దాని మంచితనం" అంటుంది. "నీకు నిద్ర పట్టిస్తుంది సరే, శివారువాడికి నీళ్ళు పట్టిస్తుందా?" అన్నాను. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు తమ విత్తనాల గురించీ, చిరుధాన్యాల గురించీ, పాటల గురించీ ఏళ్ళ తరబడి కార్యక్రమాలు రికార్డు చేసుకున్నారు. ప్రసారానికి అనుమతి లేదు. క్యాసెట్లు పట్టుకెళ్ళి ఊళ్ళలో సంఘాల కూటాల్లో వినిపించేవారు. 2006లో నిబంధనలు సడలించి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశమిచ్చాక, 2008 అక్టోబరులో వాళ్ళ సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. వేలంలో నిలబడవలసివస్తే వాళ్ళ మాట ఇంకా క్యాసెట్లలోనే ఉండేది.

నీళ్ళకీ దీనికీ ఒక్క తేడా ఉంది. నీళ్ళు ఒకరు తోడుకుంటే ఇంకొకరికి తరుగుతాయి. చెరువులో నిలవ చేసుకోనూవచ్చు. తరంగం వాడితే అరగదు, దాచితే మిగలదు. ఈ నిమిషం మాచ్‌నూరు మీద ఖాళీగా పోయిన ఫ్రీక్వెన్సీ రేపటికి పనికిరాదు. అందుచేత ఎవరికైనా "వద్దు" అనాలంటే, వాళ్ళ మాట ఇంకొకరి మాటకు అడ్డొస్తుందని చూపించే పూచీ కాదన్నవాడిదే అని నా వాదన. డబ్బు తక్కువన్నది అడ్డు కాదు. అమ్ముకునేవాడికి వేలం పెట్టండి, చెప్పుకునేవాడికి వంతు ఇవ్వండి. "ఎవరు ఏదో తేల్చేది మళ్ళీ ఒక గుమాస్తాయేగా!" అంది అది. నిజమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గుమాస్తా మనసు మంచిదవ్వాలని కోరుకోవడం జవాబు కాదు. తీసుకున్న ప్రతి నిర్ణయమూ కారణంతో సహా గోడకి అంటించాలంటాను. అంతవరకు అదీ ఒప్పుకుంది.

పోతూ పోతూ అది చెప్పిన సంగతి ఒకటి నా మనసులో ఉండిపోయింది. ఓడల్లో వైర్‌లెస్ గదుల గడియారాలకి ముఖం మీద రెండు ఎర్ర ముక్కలుండేవట. గంటలో పదిహేను నుంచి పద్దెనిమిదో నిమిషం దాకా ఒకటి, నలభై అయిదు నుంచి నలభై ఎనిమిది దాకా ఇంకొకటి. ఆ మూడేసి నిమిషాలూ 500 కిలోహెర్ట్జ్ మీద అందరూ నోరు మూసుకుని, ఎక్కడైనా మునిగిపోతున్నవాడి సన్నని పిలుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవారు. ఉపగ్రహాల పద్ధతి వచ్చాక, 1999లో ఆ కాపలా ముగిసింది. అలాంటి పాత గడియారం ఎక్కడైనా అమ్మకానికుంటే చూడమని దానికి చెప్పాను. మా ఇంట్లో టీవీ పక్కన గోడ ఖాళీగానే ఉంది.