వెంట తీసుకెళ్ళిన మాస్టారు



మన ఒంగోలులో ఒక తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఆమె కొడుకే టంగుటూరి ప్రకాశం. అల్లరి పిల్లవాడు. నాటకాల పిచ్చి. మిషన్ స్కూలు మాస్టారు హనుమంతరావు నాయుడు గారు ఆ పిల్లవాణ్ణి చేరదీశారు. రాజమండ్రి వెళుతూ వెంట తీసుకెళ్ళారు. చదివించారు. నాటకాలూ వేయించారు. పెద్దరికమంటే అదీ. వెంట ఉంచుకోవడం. ఆ కుర్రాడే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

మన ఇళ్ళలోనూ అంతే. కల్లంలో తాత ఎండుమిరపకాయను చెవి దగ్గర ఆడిస్తాడు. గింజలు గలగలమంటే ఎండినట్టే. ఆ గలగల మనవడికి వినపడాలంటే తాత వెంట ఉండాలి. ఫోనులో డబ్బు పంపడం తాతకు రావాలంటే మనవడు వెంట ఉండాలి.

పెద్దలారా, ఈ ఆదివారం పొలానికి ఒంటరిగా వెళ్ళకండి. ఇంట్లో పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి.