మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడవకండి

రమజాను నెల వచ్చిందంటే మస్జిదులు నిండిపోతాయి. ఏడాదంతా నమాజు ఊసెత్తనివాడు కూడా తరావీహ్‌కు వస్తాడు. మద్యం మానినవాడు, పేకాట వదిలినవాడు అందరితో పాటు వరుసలో భుజం కలిపి నిలబడతాడు. అది చూసి కన్నతల్లి కళ్ళు చెమ్మగిల్లుతాయి. పండుగ వెళ్ళిన కొద్ది వారాలకే అదే కొడుకు మళ్ళీ తాగి ఇంటికొస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "నువ్వు బాగుపడే రకం కాదని మాకు ముందే తెలుసు!"

సోదర సోదరీమణులారా! ఈ మాట దగ్గర కాస్త ఆగి ఆలోచిద్దాం.

దైవప్రవక్త (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే వ్యక్తి ఉండేవారు. తన చేష్టలతో ఆయన దైవప్రవక్త (స)ను నవ్విస్తుండేవారు. కాని మద్యం దురలవాటు ఆయన్ని వదలలేదు. శిక్ష పడినా మళ్ళీ అదే నేరంపై పట్టుబడ్డారు. అక్కడున్న ఒకరు విసిగిపోయి, ఇతణ్ణి ఎన్నిసార్లు తీసుకొస్తారంటూ శపించారు. దైవప్రవక్త (స) వెంటనే ఆయన్ని వారించారు. తాగిన ఆ మనిషి హృదయంలో అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఇలాంటి మరో సంఘటనను హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. అందులో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సహాయపడవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

గమనించండి! ఇక్కడ శిక్ష ఆగలేదు. పాపాన్ని పాపం కాదనలేదు. కాని పాపి ముఖం మీద తలుపు మూయలేదు.

షైతాను దెబ్బలు రెండు. మొదటి దెబ్బతో మనిషిని పడగొడతాడు. రెండో దెబ్బగా, 'నీ తౌబా అంతా నాటకమే, ఇక లేచి ఏం లాభం?' అని చెవిలో ఊదుతాడు. మొదటి దెబ్బ కన్నా ఇదే ప్రమాదకరం. ఇంట్లోవాళ్ళ ఎత్తిపొడుపు సరిగ్గా ఈ రెండో దెబ్బకే బలమిస్తుంది. తమకు తాము అన్యాయం చేసుకున్నవారు సయితం దైవకారుణ్యం పట్ల నిరాశ చెందరాదని అజ్జుమర్ సూరా 53వ ఆయతు బోధిస్తోంది.

అయితే ఇది పాపానికి అనుమతి పత్రం కాదు. చేసినదానికి సిగ్గుపడాలి, దాన్ని వెంటనే మానాలి, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. ఒకరి హక్కు కాజేస్తే తిరిగి ఇచ్చేయాలి. ఇవి తౌబా షరతులు. రేపు తాగుదామని సీసా దాచుకుని నేడు చేసే తౌబా తౌబాయే కాదు. కాని చిత్తశుద్ధితో తౌబా చేసినవాడు బలహీన క్షణంలో జారిపడితే, వెంటనే మళ్ళీ తౌబా చేయాలి. మత్తు దిగాక స్నానం చేసి ముసల్లాపై నిలబడాలి.

తొంభై తొమ్మిది హత్యలు చేసి, ఆపైన మరొకటి చేసిన వ్యక్తి గాథ మనకు తెలిసిందే. తౌబా ద్వారం తెరిచే ఉందని చెప్పిన ధర్మవేత్త, ఆ చెడ్డ ఊరు విడిచి మంచివారుండే ఊరికి వెళ్ళమని కూడా చెప్పాడు. కనుక పాత స్నేహాలను, ఆ దుకాణం వైపు దారిని మార్చుకోవాలి. కొద్దిపాటిదైనా నిత్యం చేసే సత్కర్మే అల్లాహ్‌కు ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం. ఐదు పూటల నమాజును గట్టిగా పట్టుకుని, దానికి రోజూ కొద్దిపాటి ఖుర్ఆన్ పారాయణాన్ని జోడించండి. అలవాటు వ్యసనంగా ముదిరితే వైద్యుని వద్దకు తీసుకెళ్ళండి. వైద్యం చేయించుకోవడం కూడా ప్రవక్త (స) బోధనే.

తల్లులారా! తాగడానికి డబ్బులివ్వకండి, తప్పును వెనకేసుకురాకండి. కాని తెల్లవారాక "లే బేటా, అబ్బాతో కలిసి నమాజుకు వెళ్ళు" అని చెప్పడం మాత్రం మానకండి.

అల్లాహ్ మన హృదయాలకు తన ధర్మంపై నిలకడను, పడిన ప్రతిసారీ లేచే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.