పిల్లల చూపు – పెద్దల ఋణము

ధర్మబోధ ముందా, చూపు ముందా యను ప్రశ్నకు నాకొక సముద్రజాతి సమాధాన మిచ్చినది. థాయిలాండు పడమటి తీరమున సురిన్ ద్వీపములలో మోకెన్ అనువారు కలరు. ఊపిరి బిగబట్టి పగడపుదిబ్బల నడుమ మునిగి ఆల్చిప్పల నేరుట వారి పిల్లలకు తరతరముల వాడుక. కంటి కద్దములుండవు. అయినను, నీటిలో వీరి చూపు ఐరోపా పిల్లల చూపుకంటె రెండింతలు నిశితమని స్వీడను శాస్త్రజ్ఞురాలు ఆనా గిస్లెన్ 2003లో ప్రకటించెను. కనుపాపను మిక్కిలి ముడుచుకొనుట యందలి యొక కిటుకు. పిమ్మట సాధనచే స్వీడను పిల్లలును నీటిలో చూచుట నేర్చిరి. ఇది పుట్టుకతో వచ్చిన వరము కాదన్నమాట!

కావున “సముద్రమును రక్షింపుడు” అని వల్లెవేయించుటకు ముందు చూచుట నేర్పవలెను. పగడము రాయి కాదు, చిన్న ప్రాణుల కాపురము. వానిలో నివసించు సూక్ష్మమైన నాచు వెలుతురుతో ఆహారము సమకూర్చును. నీరు వేడెక్కినచో ఆ నాచు వెడలిపోవును. పగడము తెల్లబారి, వేడి తగ్గకున్న ఆకలిచే చచ్చును. 2010లో సురిన్ దిబ్బలకు ఈ గతియే పట్టెను.

ఆ వేడిని పుట్టించినది మునిగిన బాలుడా? మనము కాల్చిన బొగ్గు, చమురు. “నీవే కాపాడవలె” నని బిడ్డతో ననుట, తండ్రి చేసిన అప్పునకు పసివానిచే పత్రము వ్రాయించుట వంటిది. పిల్లలే రేపటి పౌరులు గదా యందురు. రేపటికి దిబ్బ మిగులవలదా? పగడముపై కాలు మోపకుము, ఒంటరిగా మునుగకుము: బిడ్డకు చెప్పదగిన విధు లింతమాత్రమే. “ఇది యేల తెల్లబడినది?” అని వాడడిగినప్పుడు మాత్రము, మన యింటి దీపమునకై యెచ్చటనో కాలుచున్న బొగ్గునుండి కథ మొదలుపెట్టవలసి యుండును.